మీ బ్రాంచి లైబ్రరీలో స్పానిష్ మాట్లాడే కుటుంబాలకు సేవలు మొదలుపెట్టడం ఎలా?

డాలస్ పక్కన ఇర్వింగ్ లాంటి ఊళ్లలో తెలుగువాళ్లూ, మెక్సికో, ఎల్ సాల్వడోర్ నుంచి వచ్చినవాళ్లూ ఒకే బ్రాంచి లైబ్రరీకి వస్తారు. అక్కడ మీరు ఉద్యోగమో, వాలంటీరు పనో చేస్తూ ఉండొచ్చు, లైబ్రరీ బోర్డులో కూర్చుని ఉండొచ్చు. మీకు స్పానిష్ రాకపోయినా లాటినో (లాటిన్ అమెరికా మూలాల) కుటుంబాల కోసం ఏదైనా చేయమని ఒకరోజు మీకే అప్పజెబుతారు. అలా పని మీద పడ్డవాళ్ల కోసం ఈ వ్యాసం.

మామూలుగా జరిగేది ఇది. గ్రాంటు వస్తుంది. ముందుగా పుస్తకాలు కొంటారు. సెప్టెంబరు 15 నుంచి అక్టోబరు 15 దాకా జరిగే హిస్పానిక్ హెరిటేజ్ మంత్‌లో ఒక డాన్సు కార్యక్రమం పెట్టి ఫొటోలు దిగుతారు. ఏడాది తిరిగేసరికి పుస్తకాలు కొత్తగానే అరల్లో ఉంటాయి. "వాళ్లు చదవరండీ" అనే మాట పుడుతుంది. నిజానికి చాలామంది ఆ అరల దాకా రానేలేదు, కార్డు కౌంటరు దగ్గరే వెనక్కి తిరిగారు. అందుకే ఇక్కడ పుస్తకాల కొనుగోలు ఐదో అడుగుగా వస్తుంది.

1. చుట్టూ ఎవరున్నారో చూడండి

2020 జనాభా లెక్కల ప్రకారం అమెరికాలో హిస్పానిక్ (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్న) జనాభా 6.21 కోట్లు, అంటే మొత్తంలో 18.7 శాతం. ఈ అంకె బోర్డు మీటింగులో చెప్పడానికి బాగుంటుంది, మీ పనికి మాత్రం అక్కరకు రాదు. మీకు కావలసింది బ్రాంచి చుట్టూ రెండు మైళ్ల లెక్క.

సెన్సస్ బ్యూరో డేటా సైటులో అమెరికన్ కమ్యూనిటీ సర్వే ఐదేళ్ల అంచనాలు తెరవండి. బి03001 పట్టికలో హిస్పానిక్ జనం ఏ దేశ మూలాల వాళ్లో ఉంటుంది. సి16001 పట్టికలో ఇంట్లో ఏ భాష మాట్లాడతారో, వాళ్లలో ఇంగ్లిష్ అంత బాగా రానివాళ్లు ఎందరో ఉంటుంది. భాషల గురించి బి16001లో ఇంకా వివరం ఉన్నా అది సెన్సస్ ట్రాక్టు (జనగణన కోసం గీసిన చిన్న పేట) స్థాయిలో దొరకదు, వెతికి విసిగిపోకండి. ఒక్క ట్రాక్టు అంకెను నమ్మొద్దు. పక్కనే ఇచ్చే దోషపరిమితి, అంటే అంచనా అటూ ఇటూ తప్పే మేర, ఒక్కోసారి అంకెలో సగం ఉంటుంది. మూడు నాలుగు ట్రాక్టులు కలిపి చూడండి. తర్వాత స్కూల్ డిస్ట్రిక్టుకు ఫోన్ చేసి, పిల్లల ఇంటి భాషల లెక్క స్కూలువారీగా అడగండి. సర్వే అంచనా కన్నా ఇది తాజాగా ఉంటుంది.

ఆ తర్వాత ఒక శనివారం నడవండి. పుపూసాలు అమ్మే హోటలుంటే సాల్వడోర్ వాళ్లు, బలియాదాలు అమ్మితే హోండూరస్ వాళ్లు, అరేపాలైతే వెనిజులా, కొలంబియా వాళ్లు ఆ చుట్టుపక్కల ఉన్నారన్నమాట. డబ్బు పంపే దుకాణాల అద్దాల మీద ఏ దేశాల పేర్లు పెద్దక్షరాల్లో ఉన్నాయో చూడండి.

ఈ తేడాలు ఎందుకు ముఖ్యమంటే, ప్యూర్టోరికో వాళ్లు 1917 నుంచి అమెరికా పౌరులే. వాళ్లు ఎక్కువగా ఉన్న పేటలో పౌరసత్వ క్లాసులు పెడితే కుర్చీలు ఖాళీగా ఉంటాయి. బ్రెజిల్ వాళ్ల భాష పోర్చుగీసు. గ్వాటెమాలా ఎత్తైన ప్రాంతాల నుంచి వచ్చిన కుటుంబాల్లో మామ్, కిచే, కంహోబాల్ లాంటి మాయా భాషలు, మెక్సికోలోని వహాకా నుంచి వచ్చినవాళ్లలో మిష్టెక్, జపోటెక్ మాతృభాషలుగా ఉంటాయి. వాళ్లకు స్పానిష్ రెండో భాష, చదవడం రాకపోవచ్చు కూడా. ఇక మూడో తరం మెక్సికన్ అమెరికన్లు చాలామంది ఇంగ్లిష్‌లోనే చదువుతారు. తమ కథలున్న ఇంగ్లిష్ పుస్తకాలు వాళ్లకు కావాలి. స్పానిష్ అర చూపించి "ఇది మీ కోసం" అంటే నొచ్చుకుంటారు. హ్యూస్టన్‌లో పెరిగిన మన పిల్లలకు తెలుగు అర చూపించినా అంతేగా.

2. కార్డు దగ్గరి అడ్డంకులు తీయండి

మీ కార్డు పాలసీ కాగితం తీసి చదవండి. "ప్రభుత్వ ఫొటో గుర్తింపు" అని మాత్రమే ఉంటే అసలు చిక్కు అక్కడే ఉంది. విదేశీ పాస్‌పోర్టు చెల్లుతుందా, మెక్సికో కాన్సులేట్ ఇచ్చే మత్రికులా కన్సులార్ అనే గుర్తింపు కార్డు చెల్లుతుందా అన్నది ఆ షిఫ్టులో ఎవరుంటే వాళ్ల ఇష్టమైపోతుంది. పొద్దున వచ్చిన అక్కకు కార్డిచ్చి, సాయంత్రం వచ్చిన చెల్లెలికి కాదంటే ఆ మాట పేటంతా పాకుతుంది. చెల్లే పత్రాలన్నీ పేరుపేరునా రాయించి, బోర్డు చేత ఆమోదింపజేసి, కౌంటరు లోపలి వైపు అంటించండి. బోర్డు నెలకోసారే కూర్చుంటుంది కనుక దీన్ని అన్నిటికన్నా ముందు కదపండి.

చిరునామా రుజువు రెండో చిక్కు. రెండు కుటుంబాలు ఒకే ఇంట్లో ఉన్నప్పుడు కరెంటు బిల్లు ఒకరి పేరు మీదే ఉంటుంది. అద్దె రసీదు, స్కూలు నుంచి వచ్చిన ఉత్తరం, ఆసుపత్రి కాగితం ఒప్పుకోండి. ఏదీ లేకపోతే లైబ్రరీయే ఆ చిరునామాకు ఒక పోస్టుకార్డు పంపాలి. అది పట్టుకొస్తే రుజువైనట్టే. అప్పటిదాకా రెండు మూడు పుస్తకాలు మాత్రమే తీసుకోగల తాత్కాలిక కార్డు అక్కడికక్కడే ఇవ్వండి. వట్టి చేతులతో పంపితే మళ్లీ వస్తారన్న నమ్మకం లేదు. సోషల్ సెక్యూరిటీ నంబరు గడి దరఖాస్తులో ఉంటే కొట్టేయించండి. లైబ్రరీకి దానితో పనేమీ లేదు.

పేర్లు ఎక్కించేటప్పుడు జాగ్రత్త. స్పానిష్ పేరులో ఇంటిపేర్లు రెండు, ముందు తండ్రిది, తర్వాత తల్లిది. మరియా ఫెర్నాండా లోపెస్ గార్సియా అనే మనిషికి ఇంటిపేరు "లోపెస్ గార్సియా". అలవాటు కొద్దీ చివరి మాటను ఇంటిపేరు గడిలో వేస్తే ఆమె "గార్సియా" అవుతుంది, లోపెస్ మధ్యపేరవుతుంది. మరుసటి నెల ఇంకొకరు "లోపెస్" అని వెతికి, దొరకక, రెండో కార్డు చేస్తారు. మొదటి కార్డు మీద ఎప్పటిదో పుస్తకం బాకీ ఉంటుంది. రెండూ ఎక్కడో కలిసి ఆమె ఖాతా ఆగిపోతుంది. ఇంటిపేరు, ఇనిషియల్ ఎక్కడ రాయాలో తెలియక వీసా ఫారాల దగ్గర తంటాలు పడ్డ మనకు ఇది వేరే చెప్పక్కర్లేదు. రెండు ఇంటిపేర్లూ ఒకే గడిలో, మధ్యలో ఖాళీతో వేయండి. వాళ్లు రాయని హైఫన్ మీరు పెట్టకండి. పుట్టిన తేదీ కూడా మనలాగే రోజు ముందు, నెల తర్వాత రాస్తారు. 04/09 అని కనిపిస్తే ఏప్రిలా, సెప్టెంబరా అని నోటితో అడగండి. తప్పుపడితే పిల్లల కార్డు వయసు లెక్క మారిపోతుంది.

ఫైన్ల భయం నాలుగు కార్డుల ఇంట్లో నలభై రెట్లు ఉంటుంది. షికాగో, శాన్ ఫ్రాన్సిస్కో లైబ్రరీలు 2019లో, న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ 2021లో ఆలస్యపు ఫైన్లు ఎత్తేశాయి. మీ ఊళ్లో కూడా ఎత్తేసి ఉంటే ఆ ముక్క స్పానిష్‌లో, కార్డు దరఖాస్తు మీదే రాయండి. సైటులో ఎక్కడో మూల రాస్తే లాభం లేదు. చివరగా, లైబ్రరీ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి సభ్యుడికీ నోటీసు భాష ఎంచుకునే వీలుందేమో చూడండి. చాలాచోట్ల ఆ గడి ఉంటుంది కానీ ఎవరూ నింపరు.

3. ముందు మనిషి, తర్వాత మిగతావి

1921లో న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ హార్లెమ్‌లోని 135వ వీధి బ్రాంచిలో పూరా బెల్‌ప్రే అనే ప్యూర్టోరికో యువతిని చేర్చుకుంది. ఆ లైబ్రరీలో మొదటి ప్యూర్టోరికన్ లైబ్రేరియన్ ఆమే. ఆమె రెండు భాషల్లో కథలు చెప్పింది, బొమ్మలాటలు ఆడించింది, బ్రాంచిలో క్రిస్మస్ తర్వాత వచ్చే ముగ్గురు రాజుల పండగ జరిపింది. పుస్తకాలు లేకపోతే తనే రాసింది. లాటినో పిల్లల పుస్తకాలకు 1996 నుంచి ఇస్తున్న అవార్డు ఆమె పేరు మీదే ఉంది. నూరేళ్ల తర్వాత కూడా వరస అదే. భాష వచ్చిన మనిషి ముందుండాలి.

ఉద్యోగ ప్రకటనలో "స్పానిష్ వస్తే మంచిది" అని రాయకండి. "స్పానిష్ మాట్లాడటం, రాయటం తప్పనిసరి" అని రాసి, దానికి జీతంలో అదనపు మొత్తం చూపించండి. ఇంట్లో విని నేర్చుకున్న స్పానిష్‌తో కౌంటరు నడుస్తుంది కానీ కరపత్రం రాయడం కష్టం. కనుక ఇంటర్వ్యూలో పది నిమిషాలు మాట్లాడించి, ఒక పేరా రాయించి చూడండి. జీతం పెంచకుండా ఒకే మనిషి చేత కౌంటరు, అనువాదం, స్టోరీటైమ్, పక్క బ్రాంచి ఫోన్లు అన్నీ చేయించడం ఈ రంగంలో అందరికీ తెలిసిన రోగం. ఏడాదిలోపే ఆ మనిషి వెళ్లిపోతుంది, ఆమెతోపాటు జనమూ వెళ్లిపోతారు.

ఆ మనిషి సెలవులో ఉన్నప్పుడు ఫోన్లో దుబాసీ సేవ వాడండి. నగరపాలక సంస్థకు ఇప్పటికే ఒప్పందం ఉండి ఉంటుంది, అడిగి నంబరు తీసుకోండి. ఎనిమిదేళ్ల పిల్ల చేత తల్లి మాటలు అనువదింపజేయకండి. బాకీల సంగతి, డబ్బు సంగతి పిల్లల నోట చెప్పించడం తల్లికి అవమానం, పైగా పిల్లలు సగం మింగేస్తారు.

స్పానిష్ రాని మిగతా ఉద్యోగులు పది వాక్యాలు నేర్చుకుంటే చాలు: పలకరింపు, "కార్డు ఉచితం", "ఒక్క నిమిషం, స్పానిష్ వచ్చినవాళ్లను పిలుస్తాను", "బాత్రూమ్ అటు" లాంటివి. పెద్దవాళ్లతో "ఉస్తేద్" అనాలి, అది మన "మీరు". పిల్లలతో "తూ" సరిపోతుంది. ఫోన్ యాప్‌లు అరవై ఏళ్ల ఆయనను కూడా "తూ" అనిపిస్తాయి.

ఒంటరిగా తంటాలు పడకండి. 1971లో మొదలైన రిఫోర్మా అనే సంఘం సరిగ్గా ఈ పని చేసే లైబ్రేరియన్లదే. చాలా ప్రాంతాల్లో శాఖలున్నాయి, లాటినోలు కానివాళ్లూ చేరవచ్చు.

4. బోర్డులు, కరపత్రాలు

యంత్రం చేసిన అనువాదాన్ని మొదటి చిత్తుగా మాత్రమే వాడండి. ఇద్దరు చదవాలి, అందులో ఒకరు మీ పేటలో ఎక్కువగా ఉన్న దేశం వారై ఉండాలి. అచ్చుకు పంపేముందు ఫాంటులో ఎన్యే (ñ) అక్షరం ఉందో లేదో చూడండి. లేకపోతే అక్షరం మీది చిన్న అల ఎగిరిపోయి, "మీ పిల్లవాడికి ఎన్నేళ్లు?" అన్న ప్రశ్న గోడమీద బూతు అవుతుంది.

ఒక్క బోర్డు విషయంలో మాత్రం చట్టం ఉంది. మీ లైబ్రరీలో నోటరీ సేవ ఉంటే దాన్ని "నొతారియో పూబ్లికో" అని అనువదించకండి. లాటిన్ అమెరికాలో నొతారియో అంటే న్యాయశాస్త్రం చదివి అధికారం పొందిన పెద్ద న్యాయవాది. అమెరికా నోటరీ సంతకానికి సాక్షి మాత్రమే. ఈ తేడాను వాడుకుని వలస కాగితాల పేరుతో మోసాలు చేసేవాళ్లు ఉన్నారు. అందుకే టెక్సస్, కాలిఫోర్నియా, ఫ్లోరిడా లాంటి రాష్ట్రాలు ఆ అనువాదాన్ని నిషేధించాయి. ఇంగ్లిష్ మాటనే ఉంచి, కింద "న్యాయ సలహా ఇవ్వము" అని స్పానిష్‌లో రాయండి.

5. ఇప్పుడు పుస్తకాలు

చిన్న బ్రాంచికి మొదటి విడత 400 పుస్తకాలు చాలు. మా లెక్కలో సగానికి పైగా, అంటే ఓ 220, పిల్లలవి ఉండాలి. అందులో అట్ట పుస్తకాలు 50, బొమ్మల పుస్తకాలు 120, మిగతావి సొంతంగా చదవడం మొదలుపెట్టేవాళ్లకు. పెద్దలకు 150లో నవలలు మూడో వంతు మించనివ్వకండి. ఆరోగ్యం, పిల్లల పెంపకం, వంట, మతం, మనోవికాసం, ఇంగ్లిష్ నేర్చుకునే పుస్తకాలు, కారు రిపేరు, డ్రైవింగ్ పరీక్ష, జీఈడీ (హైస్కూలు చదువుకు సమానమైన) పరీక్ష పుస్తకాలు ఎక్కువగా పోతాయి. జీఈడీ స్పానిష్‌లో రాయవచ్చు కనుక ఆ పుస్తకం రెండేసి ప్రతులు తీసుకోండి. మిగిలిన 30 పదమూడేళ్లు దాటిన పిల్లలకు. వాళ్లు నలుగురి ముందూ స్పానిష్ పుస్తకం పట్టుకోవడానికి మొహమాటపడతారు, గ్రాఫిక్ నవలలు పెట్టి చూడండి.

ఇంగ్లిష్ నుంచి అనువదించినవి మాత్రమే కొంటే తప్పు. స్పానిష్‌లోనే పుట్టినవి కనీసం సగం ఉండాలి. మెక్సికోలో 1934 నుంచి ఉన్న ఫోందో దె కుల్తూరా ఎకొనోమికా పిల్లల పుస్తకాలు కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. అమెరికాలోని కుటుంబాల జీవితం కావాలంటే హ్యూస్టన్‌లోని ఆర్తే పూబ్లికో ప్రెస్, దాని పిల్లల విభాగం పిన్యాతా బుక్స్ చూడండి. స్పెయిన్‌లో అచ్చయిన పిల్లల పుస్తకాలు కొనేముందు ఒక పేజీ చదివించండి. అక్కడ నలుగురిని కలిపి పిలిచే క్రియారూపాలు మెక్సికో పిల్లలకు వింతగా ఉంటాయి. స్పెయిన్‌లో "తీసుకో" అనడానికి వాడే మామూలు క్రియ మెక్సికోలో బూతు. స్టోరీటైమ్‌లో గట్టిగా చదివాక తెలిస్తే ఆలస్యమైనట్టే.

కొనుగోలుకు మంచి చోటు గ్వాదలహారా పుస్తక ప్రదర్శన. 1987లో మొదలైంది, ఏటా నవంబరు చివర జరుగుతుంది. అమెరికా లైబ్రేరియన్లు అక్కడికి వెళ్లడానికి అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ ద్వారా సాయం దొరుకుతుంది. చిన్న బ్రాంచికి అంత దూరం అక్కర్లేదు, పెద్ద లైబ్రరీ నుంచి వెళ్లేవాళ్లకు మీ జాబితా ఇవ్వండి.

పుస్తకం వచ్చాక రెండు పనులు. స్పానిష్ పుస్తకాలు ఎక్కువగా మెత్తట్టతో వస్తాయి. ప్లాస్టిక్ తొడుగు వేయకపోతే పదిహేను ఇరవై చేతులు మారేసరికి వెన్ను విరుగుతుంది. తొడుగు ఖర్చు బడ్జెట్‌లో ముందే కలపండి. ఇక కేటలాగు. మార్క్ రికార్డులో (కేటలాగు వివరాలను కంప్యూటర్ చదివేలా రాసే పద్ధతి ఇది) 008 గడి 35 నుంచి 37 స్థానాల్లో భాష సంకేతం ఉంటుంది. అక్కడ స్పానిష్ సంకేతం పడకపోతే "భాష: స్పానిష్" అని వడగట్టినప్పుడు పుస్తకం మాయం. ద్విభాషా పుస్తకాలకు 041 గడిలో రెండు సంకేతాలూ ఉండాలి. స్పానిష్ విషయశీర్షికలు కూడా ఎక్కిస్తే వాళ్ల భాషలో వెతికేవాళ్లకు దొరుకుతాయి. తర్వాత మీరే పరీక్షించండి: అక్షరాల మీది గుర్తులతో ఒకసారి, గుర్తులు లేకుండా ఒకసారి అదే మాట వెతకండి, ఫలితాలు ఒకేలా రావాలి.

అరలు తలుపు నుంచి కనిపించే చోట ఉండాలి. పిల్లల స్పానిష్ పుస్తకాలు, పెద్దలవి ఒకదానికొకటి దగ్గరగా పెట్టండి. తల్లి ఒక కన్ను పిల్లల మీద వేసి తనకోసం ఒకటి తీసుకోగలగాలి. స్పానిష్ పుస్తకాల వెన్ను మీద పేరు చాలాసార్లు కింది నుంచి పైకి ఉంటుంది. ఇంగ్లిష్ వాటితో కలిపితే మెడ అటూ ఇటూ తిప్పాలి. వీలైనన్ని ముఖచిత్రం కనిపించేలా నిలబెట్టండి.

6. కార్యక్రమాలు

ద్విభాషా స్టోరీటైమ్ అరగంట. ఇద్దరు కావాలి. స్పానిష్ చదివేవాళ్లకు అది నోట పలికే భాష అయి ఉండాలి, ఇంగ్లిష్ భాగం మీరు చేయవచ్చు. పలకరింపు పాటకు రెండు నిమిషాలు, స్పానిష్ బొమ్మల పుస్తకం పూర్తిగా ఆరు నిమిషాలు, చేతులతో చేసే పాటలు రెండు, ఇంగ్లిష్‌లో చిన్న పుస్తకం నాలుగు నిమిషాలు, మళ్లీ స్పానిష్ పాట, మిగిలిన పది నిమిషాలు ఆట. పేజీకి రెండు వాక్యాలు మించని పుస్తకాలే ఎంచుకోండి. అందరూ చేసే తప్పు ఒక వాక్యం స్పానిష్‌లో చదివి వెంటనే అదే ఇంగ్లిష్‌లో చెప్పడం. కథ సాగదు, పైగా పిల్లలు తమకు వచ్చిన భాష వచ్చేదాకా చెవులు మూసుకుని కూర్చుంటారు. పుస్తకం మొత్తం ఒకే భాషలో నడపండి, మళ్లీ మళ్లీ వచ్చే మాటను మాత్రం రెండిటిలో అనిపించండి.

తల్లిదండ్రులు పక్కకు వచ్చి "ఇంట్లో స్పానిష్ మాట్లాడితే బడిలో వెనకబడతాడా?" అని అడుగుతారు. వెనకబడడు, ఇంట్లో మీకు బాగా వచ్చిన భాషలోనే ఎక్కువ మాట్లాడండి, కథలు చెప్పండి అని చెప్పండి. ఈ ప్రశ్న తెలుగు అమ్మానాన్నలు కూడా అడుగుతారు కనుక జవాబు మీకు అలవాటే.

కుటుంబాలందరినీ ఒక గదిలో కూర్చోబెట్టాలంటే లొతెరియాను మించింది లేదు. మన తంబోలా లాంటిదే, అంకెల బదులు బొమ్మలు. మొత్తం 54 చీట్లు. ఒక్కో పలక మీద నాలుగు వరసల్లో 16 బొమ్మలు. పిలిచేవాళ్లు చీటీ తీసి బొమ్మ పేరు చెబుతారు, బాగా తెలిసినవాళ్లు పేరు బదులు పొడుపుకథ వేస్తారు. మామూలు పెట్టెలో పది పలకలే ఉంటాయి, అందుకే రెండు మూడు పెట్టెలు కావాలి. 25 పలకలకు 16 చొప్పున 400 గింజలు, ఓ 50 ఎక్కువ పెట్టుకోండి. రాజ్మా గింజలే సంప్రదాయం. మూడేళ్ల లోపు పిల్లలుంటే గింజలు గొంతులో పడే ప్రమాదం, అట్టముక్కలు ఇవ్వండి. మొదట ఒక వరస, తర్వాత నాలుగు మూలలు, చివర పలక మొత్తం. పలక మొత్తం ఆటకు దాదాపు పది నిమిషాలు పడుతుంది, కనుక గంటలో ఐదారు ఆటలు ఆడించవచ్చు. బహుమతి డబ్బు కాకుండా పుస్తకమే ఇవ్వండి. పాత చీట్లలో నల్లజాతివాళ్లను, ఆదివాసులను వెక్కిరించినట్టున్న ఒకటి రెండు బొమ్మలున్నాయి. అవి లేని కొత్త సెట్లు దొరుకుతాయి, లేదా ఊరి బొమ్మలతో పిల్లల చేతే సెట్టు గీయించండి. మీరే ఒక చీటీకి తెలుగు పొడుపుకథ వేసి చూడండి, గది నవ్వుతుంది.

పెద్దల తరగతుల్లో పౌరసత్వ పరీక్షకు గిరాకీ ఎక్కువ. 2025 అక్టోబరు 20 నుంచి ఎన్-400 అనే పౌరసత్వ దరఖాస్తు పెట్టినవాళ్లకు కొత్త పరీక్ష: 128 ప్రశ్నల్లోంచి 20 దాకా అడుగుతారు, 12 సరిగ్గా చెప్పాలి. అంతకుముందు పెట్టినవాళ్లకు పాతది: 100లోంచి 10, అందులో 6. మీ అరల్లోని పుస్తకం ఏ పరీక్షకో చూసి పాతవాటి మీద చీటీ అంటించండి. గ్రీన్‌కార్డుతో 20 ఏళ్లు ఉండి 50 దాటినవాళ్లు, 15 ఏళ్లు ఉండి 55 దాటినవాళ్లు ఇంగ్లిష్ పరీక్ష లేకుండా, పౌరశాస్త్రం తమ భాషలో చెప్పవచ్చు. చాలామందికి ఈ సంగతి తెలియదు. దరఖాస్తు ఎలా నింపాలన్న ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పకండి, అది న్యాయ సలహా కిందికి వస్తుంది. లాయర్ల, న్యాయశాఖ గుర్తింపు ఉన్న ప్రతినిధుల జాబితా చేతికివ్వండి.

చదువు మధ్యలో ఆగిపోయినవాళ్లకు మెక్సికో ప్రభుత్వం కాన్సులేట్ల ద్వారా ప్లాసాస్ కొమునితారియాస్ నడుపుతుంది. ప్రైమరీ, సెకండరీ చదువు స్పానిష్‌లో పూర్తిచేయవచ్చు. గది, కంప్యూటర్లు మీవైతే మిగతాది వాళ్లతో మాట్లాడుకోవచ్చు.

వేళలు: పొద్దున పదకొండు గంటల స్టోరీటైమ్‌కు పనికి వెళ్లే తల్లులు రాలేరు. వారం మధ్యలో సాయంత్రం ఆరున్నర, లేదా శనివారం. ముందుగా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలని పెట్టకండి. మూడేళ్ల నుంచి ఐదేళ్ల పిల్లలకే అన్నా మొత్తం కుటుంబం వస్తుంది, పసిబిడ్డ, పదేళ్ల అన్న, అమ్మమ్మతో సహా. పదేళ్లవాడికి ఏదో ఒక పని అట్టిపెట్టండి.

7. పండగల సంగతి క్లుప్తంగా

ఏప్రిల్ 30న "దియా" జరపండి. మెక్సికోలో అది బాలల దినం. రచయిత్రి పాట్ మోరా 1996లో చూపిన చొరవతో అమెరికాలో పిల్లల, పుస్తకాల దినంగా జరుగుతోంది. బడ్జెట్‌లో ఒక్క పెద్ద కార్యక్రమానికే చోటుంటే దీనికే పెట్టండి. మే 5 మెక్సికో స్వాతంత్ర్య దినం కాదు, 1862 ప్వెబ్లా యుద్ధం గుర్తు. స్వాతంత్ర్య దినం సెప్టెంబరు 16. నవంబరు 1, 2 తేదీల మృతుల దినం హాలోవీన్ కాదు, పోయినవాళ్లను తలుచుకునే రోజు. వాళ్ల జ్ఞాపకార్థం పీఠం పెడితే పేటలోని కుటుంబాలనే అడిగి పెట్టించండి. క్యూబా, డొమినికన్ వాళ్లు దాన్ని తమ పండగగా అనుకోరని గుర్తుంచుకోండి.

8. బయటికి వెళ్లండి

కరపత్రం లైబ్రరీలో పెడితే లైబ్రరీకి వచ్చేవాళ్లే చూస్తారు. స్పానిష్ మాస్ (ప్రార్థన) అయ్యాక చర్చి ముందు, లాండ్రీ దుకాణంలో, ఆదివారం సాకర్ మైదానంలో, విక్ (తల్లులకు, పసిపిల్లలకు పోషకాహార సాయమిచ్చే ప్రభుత్వ పథకం) క్లినిక్‌లో, శనివారం ఊరికి వచ్చే సంచార కాన్సులేట్ దగ్గర బల్ల వేయండి. బల్ల మీద అక్కడికక్కడే కార్డు చేసే లాప్‌టాప్, నెట్ కోసం ఫోన్, ఓ 30 పుస్తకాలు, ఇంటికి తీసుకెళ్లే ఉచిత పుస్తకాలు ఉండాలి. లాండ్రీలో జనం నలభై నిమిషాలు ఎటూ పోలేరు, పిల్లలతో కథ చదవడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. ఒకే చోటికి నెలకోసారి, అదే రోజు, అదే మనిషి వెళ్లాలి. మూడో నెలకు గానీ మాట కలవదు, మొదటి నెల ఇద్దరే వచ్చారని మానేయకండి. కబురు వాట్సాప్‌లో ఫోటోగా పంపండి. ఈమెయిల్ చాలామంది తెరవరు.

9. గోప్యత

కార్డు తీసుకుంటే పేరు ఎక్కడికి వెళుతుందోనన్న భయం కాగితాలు సరిగ్గా ఉన్న ఇంట్లో కూడా ఉంటుంది. మాటలతో ధైర్యం చెప్పే ముందు వ్యవస్థను సరిచేయండి. పుస్తకం తిరిగివ్వగానే ఎవరు తీసుకున్నారన్న లంకె చెరిగిపోయేలా సాఫ్ట్‌వేర్‌లో పెట్టించండి. కంప్యూటర్ వాడకం జాబితాలు, కార్యక్రమాల సంతకాల కాగితాలు ఎన్నాళ్లు ఉంచాలో రాసి, ఆ గడువు కాగానే చింపేయండి. పుట్టిన దేశం, వలస స్థితి ఏ ఫారంలోనూ అడగకండి. లైబ్రరీ రికార్డుల గోప్యతకు దాదాపు అన్ని రాష్ట్రాల్లో చట్టాలున్నాయి. మీ రాష్ట్రం చట్టంలోని వాక్యాన్నే స్పానిష్‌లో దరఖాస్తు వెనక అచ్చువేయండి.

అధికారులు వస్తే ఏంచేయాలో నగర న్యాయవాది చేత రాయించి, సాయంత్రం షిఫ్టు కుర్రాడితో సహా అందరికీ నేర్పండి. జనం తిరిగే హాలు వేరు, ఉద్యోగుల గదులు వేరు. జడ్జి సంతకం ఉన్న వారంటు వేరు, వలస శాఖ అధికారులే సంతకం చేసే ఐ-200, ఐ-205 కాగితాలు వేరు. ఈ రెండో రకం మాత్రమే చూపి లోపలి గదుల్లోకి వెళ్లే అధికారం ఉండదు. కౌంటరులో ఉన్నవాళ్ల పని వాదించడమూ కాదు, రికార్డులు తీసిచ్చేయడమూ కాదు. మర్యాదగా ఆపి డైరెక్టరుకు ఫోన్ చేయడమే.

10. లెక్క

ఎంతమంది వచ్చారన్నది ఒక్కటే రాసుకుంటే చాలదు. నాలుగు అంకెలు నెలనెలా పట్టుకోండి: నోటీసు భాష స్పానిష్‌గా ఉన్న కొత్త కార్డులు, వాటిలో మూడు నెలల తర్వాత కూడా వాడుతున్నవి, స్పానిష్ అరలో ఒక్కో పుస్తకం ఏడాదికి సగటున ఎన్నిసార్లు పోయింది, అదే లెక్క ఇంగ్లిష్ అరలో ఎంత. పిల్లల అట్ట పుస్తకాలు బాగా పోయి పెద్దల నవలలు కదలకపోతే తదుపరి విడత డబ్బు అటు మార్చండి. రెండేళ్లలో ఒక్కసారీ కదలని పుస్తకాన్ని తీసేయడానికి మొహమాటం వద్దు. నిండా దుమ్ము పట్టిన అర చూసి కొత్తవాళ్లు రెండోసారి రారు.

ద్విభాషా ఉద్యోగి జీతం గ్రాంటు మీద నడుస్తుంటే ఆ గ్రాంటు ముగిసే తేదీని కాకుండా నగర బడ్జెట్ తయారయ్యే తేదీని చూసుకోండి. చాలా ఊళ్లలో ఆర్థిక సంవత్సరం జూలై 1న గానీ, అక్టోబరు 1న గానీ మొదలవుతుంది. శాఖల కోరికలు అంతకు ఐదారు నెలల ముందే వెళ్లిపోతాయి. ఆ గడువుకు పై నాలుగు అంకెలు జతచేసి, ఆ పోస్టును లైబ్రరీ సొంత పద్దులోకి మార్చమని రాతపూర్వకంగా అడగండి.